కార్వెట్ ఆర్డర్ శుక్రవారంలోపు ఇవ్వాలి: పసుపా, తెలుపా? సీట్లు, జెడ్51, ఫ్రంట్ లిఫ్ట్ గురించి చెప్పండి

తెనాలి_ప్లేనో:

అందరికీ నమస్కారం. మాది తెనాలి, ఉండేది డాలస్ పక్కన ప్లేనోలో. షెవర్లే కార్వెట్ స్టింగ్‌రే కూపే కోసం నిరుడు (2022) నవంబరులో డీలర్ దగ్గర పేరు రాయించుకున్నాను. మొన్న సోమవారం ఫోన్ చేసి, "మీ వంతు వచ్చింది, శుక్రవారం సాయంత్రంలోపు ఆప్షన్లన్నీ చెప్పేయండి" అన్నారు. పదకొండు నెలలు ఆగాను గానీ ఈ నాలుగు రోజులే చాలడం లేదు. రోజూ పిల్లలు పడుకున్నాక వెబ్‌సైట్‌లో కారు బొమ్మ తిప్పుకుంటూ కూర్చుంటున్నాను. రంగు మారుస్తాను, చక్రాలు మారుస్తాను, ఒంటిగంటకి మళ్ళీ మొదటికే వస్తాను. నిజంగా టెన్షన్‌గా ఉంది.

నా సంగతి కొంచెం చెబితే మీకు సలహా ఇవ్వడం తేలిక. నాకు 41 ఏళ్ళు. ఇప్పటిదాకా నాలుగు కార్లు కొన్నాను. కరోలా, అకార్డ్, ఒడిస్సీ, హైలాండర్. నాలుగూ తెలుపో వెండి రంగో. ఒక్కటీ ఆర్డర్ పెట్టి చేయించుకున్నది కాదు, లాట్‌లో నిలబడి ఉన్నదాన్ని బేరమాడి తెచ్చుకున్నవే. రేపు అమ్మితే ఎంతొస్తుంది అన్న లెక్క చూసుకునే ప్రతి బండీ ఇంటికి తెచ్చాను. నాకు నచ్చినట్టు, నా కోసమే ఒక కారు ఫ్యాక్టరీలో తయారవడం ఇదే మొదటిసారి.

రంగుల్లో చివరికి రెండు మిగిలాయి. యాక్సిలరేట్ ఎల్లో అనే పసుపు, ఆర్కిటిక్ వైట్ అనే తెలుపు. టార్చ్ రెడ్ బాగుంటుంది గానీ నా మనసు అటు పోలేదు. నలుపు అమ్మ వద్దంది, టెక్సాస్ ఎండకి నాకూ వద్దు.

పసుపు మీద ఎందుకింత ఇష్టమో చెప్తాను. 2008లో ఆర్లింగ్టన్‌లో ఎమ్మెస్ చదివేటప్పుడు, సాయంత్రం పాలు కొనడానికి గ్యాస్ స్టేషన్‌కి నడిచి వెళ్తే పంపు దగ్గర పసుపు రంగు కార్వెట్ ఆగి ఉంది. అప్పటి సీ6, అంటే ఆరో తరం మోడల్. నేను పాల క్యాన్ పట్టుకుని అలాగే నిలబడిపోయాను. దాని యజమాని డెబ్బై దాటిన పెద్దాయన. నన్ను చూసి "కూర్చుంటావా?" అన్నాడు. తలుపుకి పిడి ఎక్కడుందో తెలియలేదు. ఆయనే నా చెయ్యి పట్టుకుని తలుపు సందులో పెట్టాడు. లోపల చిన్న మీట ఉంది, నొక్కితే తలుపు టక్కున తెరుచుకుంది. నేల మీద కూర్చున్నంత కిందుగా ఉంది సీటు. అద్దంలోంచి చూస్తే ముందు చక్రాల మీద రెండు వైపులా బాడీ మూపుల్లా లేచి ఉంది. ఆ రెండు పసుపు మూపుల మధ్య నుంచి రోడ్డు కనిపించింది. రెండు నిమిషాలు కూర్చున్నానేమో. ఆ రెండు నిమిషాలు నాకు ఇప్పటికీ కళ్ళ ముందు ఉన్నాయి.

మా ఆవిడ మాత్రం "అది స్కూలు బస్సు రంగు, పిల్లలు ఎక్కడానికి పరిగెత్తుకొస్తారు" అంటోంది. తనకి కారు మీద ఏ అభ్యంతరమూ లేదు, తెలుపు తీసుకుని లోపల ఎరుపు పెట్టించమంటోంది. అది కూడా అందంగానే ఉంటుందని ఒప్పుకుంటాను.

మూడు స్థాయిల్లో మధ్యదైన 2ఎల్‌టీ తీసుకోవడం ఖాయం. పై స్థాయి 3ఎల్‌టీ తోలు పని బాగుంది గానీ ఆ డబ్బు వేరేచోట పెడతాను. తేల్చుకోలేనివి ఇవి. సీట్లలో జీటీ2 తీసుకోవాలా, కాంపిటిషన్ సీట్లా? ఫోటోల్లో కాంపిటిషన్ సీట్లే నచ్చాయి, వాటిలో కూర్చుని చూడలేదు. ట్రాక్ మీద నడిపేవాళ్ళ కోసం ఇచ్చే జెడ్51 ప్యాకేజీ, మాగ్నెటిక్ రైడ్ అనే సస్పెన్షన్ నా వాడకానికి అవసరమా? వారాంతాల్లో తిప్పుతాను, నెలకోసారి ఆస్టిన్ వెళ్ళొస్తాను. ఏడాదికి ఒకటి రెండుసార్లు ఫోర్ట్‌వర్త్ దగ్గర క్రెసన్‌లో ట్రాక్ మీద నేర్చుకోవాలని ఉంది. కారు ముందు భాగాన్ని పైకి లేపే ఫ్రంట్ లిఫ్ట్ సంగతి కూడా చెప్పండి. మా గరాజ్‌కి దారి ఇంటి వెనక సందులోంచి. సందు మధ్యలో వాన నీళ్ళు పారడానికి పల్లం ఉంటుంది, అది దిగి వెంటనే గరాజ్ వైపు ఎత్తు ఎక్కాలి.

ఇంకో మాట. ఏప్రిల్‌లో నాన్న వస్తున్నారు. తెనాలి డిపోలో ఆర్టీసీ డ్రైవర్‌గా 29 ఏళ్ళు చేసి రిటైరయ్యారు. ఇప్పుడు 71, మోకాళ్ళ నొప్పులున్నాయి. ఈ కారులో ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని దూరం తీసుకెళ్ళాలి. ఏ ఆప్షన్ ఎంచుకున్నా ఆయన్ని దృష్టిలో పెట్టుకుని చెప్పండి.

కెంటకీ_దారి:

ముందుగా అభినందనలు తమ్ముడూ. నేను నాష్‌విల్‌లో ఉంటాను, కార్వెట్ తయారయ్యే బౌలింగ్ గ్రీన్ మాకు గంట దూరం. నాది టార్చ్ రెడ్, జెడ్51, మాగ్నెటిక్ రైడ్, జీటీ2 సీట్లు. మూడేళ్ళయింది, 19 వేల మైళ్ళు తిరిగింది.

శుక్రవారం గురించి అంత కంగారు వద్దు. డీలర్ ఆర్డర్ ఎక్కించాక దానికి స్టేటస్ నంబర్లు పడతాయి. 3000 అంటే ఫ్యాక్టరీ ప్రొడక్షన్‌కి తీసుకున్నట్టు. ఆ నంబర్ పడేదాకా రంగు, సీట్లు ఏవైనా మార్పించుకోవచ్చు. శుక్రవారం ఏదో ఒకటి చెప్పి ఆర్డర్ ఎక్కించండి, తర్వాత తాపీగా చూసి మార్చండి. 3300 వస్తే తయారయ్యే వారం తేలినట్టు, 3800 అంటే కారు తయారైనట్టు. రోజూ డీలర్ని అడగండి, మొహమాటపడకండి.

నేను ఆప్షన్లు ఎంచుకున్నది ఒకే లెక్కతో. తర్వాత పెట్టించుకోలేనిది ముందు తీసుకోవాలి. చక్రాలు, క్యాలిపర్ రంగు, వెనక స్పాయిలర్, ఇంజిన్ దగ్గర కార్బన్ అలంకారాలు, ఇవన్నీ రేపైనా దొరుకుతాయి. జెడ్51 అలా కాదు. అందులో ముందు బ్రేక్ డిస్కులు 321 నుంచి 338 మిల్లీమీటర్లకి పెరుగుతాయి, కూలింగ్ పెద్దదవుతుంది, వెనక చక్రాలు రెండింటికీ బలం సర్దే ఎలక్ట్రానిక్ లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్ వస్తుంది, గేర్ నిష్పత్తి మారుతుంది. పెర్ఫార్మెన్స్ ఎగ్జాస్ట్‌తో 490 హార్స్‌పవర్ 495 అవుతుంది, ఆ ఐదు మీకు తెలియదు గానీ శబ్దం తెలుస్తుంది. డాలస్ ఎండలో ట్రాక్ మీద ఇరవై నిమిషాలు తిప్పాలనుకునేవాళ్ళకి ఆ కూలింగ్ కోసమైనా జెడ్51 కావాలి. ట్రాక్ ఆలోచన లేకపోతే మాత్రం అక్కర్లేదు.

మాగ్నెటిక్ రైడ్ మాత్రం నాన్నగారి కోసం తీసుకోండి. అందులో షాక్ అబ్జార్బర్లలో ఇనుప రజను కలిపిన నూనె ఉంటుంది. కరెంటు పంపితే రజను వరస కట్టి నూనె గట్టిపడినట్టవుతుంది, ఆపితే పలచబడుతుంది. అదంతా కన్ను మూసి తెరిచేలోపు చాలాసార్లు జరుగుతుంది. అట్లాంటా వెళ్ళేటప్పుడు మాంటీగిల్ ఘాట్ దిగుతూ స్పోర్ట్ మోడ్‌లో పెడితే కారు రోడ్డుకి అంటుకుపోతుంది. అదే కారు కాంక్రీటు అతుకుల మీద టూర్ మోడ్‌లో మెత్తగా పోతుంది. మా అత్తయ్యగారు నాలుగు గంటలు కూర్చుని ఒక్కసారి కూడా నడుము అనలేదు.

సీట్లు ఫోటో చూసి తీసుకోకండి. కాంపిటిషన్ సీట్లు ట్రాక్ మీద మలుపుల్లో మనిషిని కదలనివ్వవు, అందుకే చేశారు. పక్క దిళ్ళు ఎత్తు. సన్నగా ఉన్నవాళ్ళకి సరిపోతాయి. మా ఆయన భుజాలు వెడల్పు, ఆయనకి పావుగంటకే ఇరుకనిపించింది. ఎంత దూరమైనా పోయి, నలభై నిమిషాలు కూర్చుని అప్పుడు చెప్పండి. మోకాళ్ళ నొప్పులున్న పెద్దాయన ఆ ఎత్తు దిళ్ళు దాటుకుని లేవడం కష్టం.

లిఫ్ట్ సంగతి. మీట నొక్కితే ముందు భాగం దాదాపు 40 మిల్లీమీటర్లు లేస్తుంది, మూడు సెకన్లు కూడా పట్టదు. గంటకి 24 మైళ్ళలోపు వేగంలో పని చేస్తుంది. జీపీఎస్‌తో 1,000 చోట్ల దాకా గుర్తు పెట్టుకుని అక్కడికి రాగానే తనే లేపుకుంటుంది. 2ఎల్‌టీ నుంచే దొరుకుతుంది. మీ సందుకి అవసరమో కాదో కొలతలతో తేల్చుకోకండి. టెస్ట్ డ్రైవ్ కారు తీసుకుని నేరుగా మీ సందులోకే వెళ్ళండి. డీలర్లు మామూలుగా ఒప్పుకుంటారు.

రంగు. బయట రంగు ఎలాగూ నడిపేవాడికి కనపడదు అని చాలామంది చెప్తారు. కార్వెట్‌కి ఆ మాట వర్తించదు. మీరు ఆర్లింగ్టన్‌లో చూసిన మూపులు ఇప్పటి ఎనిమిదో తరం సీ8లో కూడా అద్దంలోంచి కనిపిస్తాయి. మూడేళ్ళుగా నాకు రోడ్డుకి రెండు వైపులా ఎరుపు కనిపిస్తూనే ఉంది.

మీ ఆవిడ చెప్పినదీ తీసిపారేసేది కాదు. 1953లో మొదటి కార్వెట్లు ఫ్లింట్‌లో 300 చేశారు. ఎంచుకోవడానికి ఏమీ లేదు. అన్నీ తెలుపే, పోలో వైట్. లోపల ఎరుపు, పైన నల్ల గుడ్డ టాపు. 1992లో పది లక్షవ కార్వెట్ తయారైనప్పుడు దానికీ కావాలనే తెలుపు, లోపల ఎరుపు పెట్టారు. ఆ కారు బౌలింగ్ గ్రీన్‌లో నేషనల్ కార్వెట్ మ్యూజియంలో ఉంది. 2014 ఫిబ్రవరి 12 తెల్లవారుజామున మ్యూజియంలో నేల కుంగి ఎనిమిది కార్లు గుంటలో పడ్డాయి, అందులో అదొకటి. మళ్ళీ బాగుచేసి పెట్టారు. నేను వెళ్ళినప్పుడల్లా దాని దగ్గర కాసేపు ఆగుతాను.

అన్నట్టు ఆర్డర్‌లో ఆర్8సీ అని ఒక ఆప్షన్ ఉంది. అది పెడితే కారు డీలర్ దగ్గర కాకుండా ఆ మ్యూజియంలోనే మీ చేతికిస్తారు. మీరు వచ్చేదాకా కారు లోపల ప్రదర్శనలో నిలబడి ఉంటుంది. నాన్నగారు వచ్చే సమయానికి కుదిరితే ఇది మాత్రం వదులుకోకండి.

చికాగో_శీను:

నాది ఆర్కిటిక్ వైట్, లోపల అడ్రినలిన్ రెడ్. జెడ్51 లేదు, మాగ్నెటిక్ రైడ్ కూడా లేదు. చాలా ఇష్టంగా నడుపుకుంటున్నాను. తెలుపు తీసుకుంటే మనసు చంపుకున్నట్టు అనుకోకండి. ఈ కారు పక్కన గాలి పీల్చే నల్లటి సందులు, నల్ల అద్దాలు, ఇవన్నీ తెలుపు మీదే తేటగా కనిపిస్తాయి. సాయంత్రం ఎండలో ఆ గీతలు చూడాలి.

జెడ్51 మీద కెంటకీ అక్కతో నేను ఏకీభవించను. దానితో వచ్చేవి మిషెలిన్ పైలట్ స్పోర్ట్ 4ఎస్ టైర్లు, వేసవి టైర్లు. 4 డిగ్రీల సెల్సియస్ కంటే చల్లబడితే పట్టు బాగా తగ్గుతుంది. మామూలు స్టింగ్‌రేకి ఆల్ సీజన్ టైర్లు వస్తాయి. నేను నవంబరులో కూడా తీస్తాను, మా ఊళ్ళో వేసవి టైర్లుంటే కారు అయిదు నెలలు గరాజ్‌లోనే. డాలస్‌లో చలి కొద్ది రోజులే కాబట్టి మీకు ఇది పెద్ద విషయం కాకపోవచ్చు. కానీ ఏడాదికి ఒకటి రెండు సార్లు ట్రాక్ అన్నారు. అది నిజంగా చేస్తారా, చెయ్యాలని ఉందా అన్నది మీరే చూసుకోవాలి. నేను కూడా కొన్నప్పుడు అదే అనుకున్నాను, మూడేళ్ళలో ఒక్కసారి కూడా వెళ్ళలేదు.

ఆటోనగర్_పెయింటర్:

నమస్తే అండి. విజయవాడ ఆటోనగర్‌లో 26 ఏళ్ళుగా పెయింటింగ్ షెడ్ నడుపుతున్నాను. కార్వెట్ మీద నేను చెయ్యి వేయలేదు. రంగు సంగతి మాత్రం చెప్పగలను.

ముందు మీ ఆవిడగారి స్కూలు బస్సు మాటకి జవాబు. స్కూలు బస్సులు మా షెడ్‌లో ప్రతి మే నెలలో వరసగా నిలబడతాయి. వాటికి వేసే గోల్డెన్ ఎల్లోలో ఎరుపు పాలు ఉంటుంది. మామిడిపండు వైపు పోయే పసుపు అది. మీరు చెప్పే రంగు ఫోటోల్లో చూశాను. అది నిమ్మపండు వైపు పోయే పసుపు, పైగా మెటాలిక్. రెండూ పక్కపక్కన పెడితే అన్నదమ్ములు కూడా కావు. కానీ ఫోన్ తెర మీద అన్ని పసుపులూ ఒకేలా కనిపిస్తాయి. అందుకే తెర మీద చూసి గొడవ పడకండి, ఇద్దరూ కలిసి నిజం కారు చూడండి.

ఎలా చూడాలంటే, షోరూం లైట్ల కింద వద్దు. మధ్యాహ్నం ఒకసారి, పొద్దు వాలాక ఒకసారి చూడండి. మెటాలిక్ రంగుని ఎదురుగా నిలబడి చూస్తే ఒక షేడు, పక్కకి తిరిగి ఓరగా చూస్తే ఇంకో షేడు. మేము దాన్ని ఫ్లాప్ అంటాం. ఆ ఓర షేడు నచ్చకపోతే ఆ రంగు రోజూ చికాకు పెడుతుంది. తలుపు మీద కాదు, వంపు తిరిగిన చోట చూడాలి, వెనక చక్రం పైన. అక్కడ వెలుగు, నీడ రెండూ ఒకేసారి పడతాయి.

రెండో సంగతి, రిపేరు. పసుపు పిగ్మెంటుకి కప్పే గుణం తక్కువ. తెలుపు రెండు కోట్లలో కింద రంగుని మింగేస్తుంది. పసుపు మూడు, నాలుగు వేసినా కింద ప్రైమర్ ముదురుగా ఉంటే పైకి మురికిగా కనిపిస్తుంది. అందుకే పసుపు బండి వస్తే ముందు తేలిక రంగు ప్రైమర్ కొట్టి, పనికిరాని ముక్క మీద షేడు వేసి ఆరబెట్టి, ఎండలో బండి పక్కన పెట్టి చూసుకుని అప్పుడు మొదలుపెడతాను. బంపర్ ఒక్కటే వేసి పంపిస్తే తేడా తెలిసిపోతుంది, పక్క ఫెండర్ మీదకి కొంచెం కలుపుకుంటూ పోవాలి. అది ఓపిక ఉన్న పనివాడు చేయాలి. మీ కారు బాడీ ఇనుము కాదు, కాంపోజిట్. చొట్ట పడదు, దెబ్బ గట్టిగా తగిలితే పగులుతుంది. అది అతికించేవాడు కూడా ఆ పని తెలిసినవాడై ఉండాలి. కాబట్టి పసుపు తీసుకుంటే బండి వచ్చిన వారంలోనే ముందు భాగానికి, వెనక చక్రాల ముందున్న బాడీకి రంగుని కాపాడే పారదర్శక ఫిల్మ్ వేయించండి. ఆ టైర్ల వెడల్పు చూస్తే రాళ్ళు అక్కడే తగులుతాయి.

చివరిగా పూజ గురించి. చాలామంది కొత్త బండికి గుడిలో పసుపు కుంకుమలు బానెట్ మీద పెట్టించి, అలాగే ఎండలో ఇంటికొస్తారు. పసుపు నీళ్ళు ఎండిపోయాక తెల్ల రంగు మీద మరక దిగుతుంది. ఫిల్మ్ ఉంటే ఇంకా పట్టుకుంటుంది. నా దగ్గరికి బఫింగ్‌కి వచ్చిన కొత్త తెల్ల బండ్లలో ఇలాంటివి చాలా ఉన్నాయి. పంతులుగారితో చెప్పి ముందు అద్దం మీద పెట్టించండి. అద్దానికి ఏమీ కాదు. తెలుపు తీసుకున్నా, పసుపు తీసుకున్నా ఇది మర్చిపోకండి.

తెనాలి_ప్లేనో:

అందరికీ చాలా థాంక్స్. ఇంత ఓపికగా రాస్తారనుకోలేదు. కెంటకీ అక్కా, 3000 సంగతి చెప్పి నా ప్రాణం కుదుట పెట్టారు. శుక్రవారం పసుపుతోనే ఆర్డర్ ఎక్కించాను. జెడ్51, మాగ్నెటిక్ రైడ్, జీటీ2 అని రాయించాను. మార్చే అవకాశం ఉంచమని డీలర్‌కి చెప్పాను, సరే అన్నారు.

శీను గారూ, మీరడిగిన ప్రశ్న నన్ను బాగా ఆలోచింపజేసింది. అందుకే నిన్న క్రెసన్‌లో మార్చి నెల డ్రైవింగ్ స్కూల్‌కి డబ్బు కట్టేశాను. కారు అప్పటికి రాకపోతే వాళ్ళ కారులోనే నేర్చుకుంటాను. ఇక జెడ్51 మీద నాకు అనుమానం లేదు.

ఆటోనగర్ అన్నా, మీరు రాసింది మా ఆవిడకి చదివి వినిపించాను. శనివారం పొద్దున ఇక్కడ కార్లవాళ్ళందరూ కలిసేచోటికి ఇద్దరం వెళ్తున్నాం. వివరంగా మళ్ళీ రాస్తాను.

తెనాలి_ప్లేనో:

శనివారం వెళ్ళొచ్చాం. మా అదృష్టం, యాక్సిలరేట్ ఎల్లో కారు ఒకటి వచ్చింది. ఎనిమిదింటికి ఎండ ఏటవాలుగా పడుతోంది. మా ఆవిడ ఏమీ మాట్లాడకుండా కారు చుట్టూ తిరిగింది. వెనక చక్రం దగ్గర ఆగి, ఆటోనగర్ అన్న చెప్పినట్టే ఒకసారి ఎదురుగా, ఒకసారి ఓరగా వంగి చూసింది. వంపు మీద వెలుగు పడ్డచోట నిమ్మ రంగు, నీడలోకి వచ్చేసరికి కొంచెం పచ్చదనం కలిసినట్టు ఉంది. "ఇది బస్సు కాదులే" అంది. తర్వాత, "బయట నీది, లోపల నాది" అంది. లోపలికి నాచురల్ అనే గోధుమ రంగు ఎంచుకుంది. జీన్స్ నీలం అంటుకుంటుందేమో అన్నాను. నెలకోసారి తుడుచుకునే బాధ్యత నాకప్పగించింది. అది న్యాయంగానే ఉంది.

సీట్ల సంగతి నాన్నే తేల్చారు. ఫోన్‌లో రంగులు, చక్రాలు అన్నీ చెప్పుకుపోతుంటే మధ్యలో ఆపి, "సీటు చూశావా?" అని అడిగారు. "ఎన్ని గుర్రాల బలమైనా నడుము పట్టుకుంటే ఆ బండి నడపలేవురా. నేను హైదరాబాద్ నైట్ సర్వీస్ చేసిన రోజుల్లో తువ్వాలు చుట్టచుట్టి వీపు కింద పెట్టుకునేవాణ్ణి. అది మర్చిపోయిన రోజు కండక్టర్ తువ్వాలు అడుక్కునేవాణ్ణి" అన్నారు. ఆ తువ్వాలు నాకు తెలుసు. నీలం గళ్ళది. డ్యూటీ నుంచి రాగానే అమ్మ దాన్ని విడిగా ఉతికి దండెం మీద వేసేది. అది వీపు కోసమని నాకు ఇన్నేళ్ళకి తెలిసింది.

మర్నాడు ఫోర్ట్‌వర్త్ దాకా వెళ్ళి కాంపిటిషన్ సీట్లున్న కారులో నలభై నిమిషాలు కూర్చున్నాను. సేల్స్ అబ్బాయి మంచివాడు, ఏమీ అనుకోలేదు. పది నిమిషాలు అద్భుతంగా ఉంది, ఎవరో రెండు చేతులతో పట్టుకున్నట్టు. ఇరవై నిమిషాలకి కుడి తొడ కింద దిండు అంచు తెలియడం మొదలైంది. దిగేటప్పుడు చెయ్యి ఆనించి లేవాల్సి వచ్చింది. నాకే అలా ఉంటే నాన్నకి కుదరదు. జీటీ2 ఖాయం చేశాను.

లిఫ్ట్ కూడా తేలిపోయింది. టెస్ట్ డ్రైవ్ కారు మా సందులోకి తెప్పించాను. పల్లం దిగి గరాజ్ వైపు తిరగ్గానే కింద గర్రుమని రాసుకుంది. వెనక్కి తీసి, లిఫ్ట్ నొక్కి, మళ్ళీ అదే దారిలో ఎక్కించాం. కింద వంగి చూస్తే వేలు దూరేంత సందు మిగిలింది. లిఫ్ట్ చేర్పించాను. దాని డబ్బు కోసం కార్బన్ అద్దం కవర్లు, ఖరీదైన చక్రాలు తీసేశాను. ఆర్8సీ పెట్టించాను. ఇవాళ స్టేటస్ 2000.

కారు ఏప్రిల్‌కి అందితే నాన్న, నేను నాష్‌విల్‌కి విమానంలో వచ్చి, బౌలింగ్ గ్రీన్‌లో తీసుకుని, మెంఫిస్, లిటిల్ రాక్ మీదుగా ఇంటికి నడుపుకుంటూ వస్తాం. ఏడు వందల మైళ్ళకి పైనే, రెండు రోజులు పెట్టుకుంటాం. అక్కా, ఒక్కటే మిగిలింది. నాన్న ఎక్కడం, దిగడం ఎలా? మీ అత్తయ్యగారు ఎలా చేస్తారు?

కెంటకీ_దారి:

పైకప్పు ముక్క తీసేయండి. మూడు గొళ్ళేలు తిప్పితే ఊడొస్తుంది, ఇద్దరు పట్టుకుంటే మంచిది. తల వంచాల్సిన పని లేకపోతే సగం కష్టం పోతుంది. ఎక్కేటప్పుడు ముందు కాలు లోపల పెట్టనివ్వకండి. సీటుకి వీపు తిప్పి నిలబడి, ముందు కూర్చోవాలి, తర్వాత రెండు కాళ్ళూ కలిపి లోపలికి తిప్పుకోవాలి. దిగేటప్పుడు రెండు కాళ్ళూ బయట నేల మీద ఆనాకే లేవాలి. చేతికి ముందు అద్దం పై అంచు దొరుకుతుంది, పైకప్పు లేకపోతే అది పట్టుకుని నిలబడొచ్చు. మా అత్తయ్య అలాగే లేస్తారు, నేను మోచెయ్యి మాత్రం అందిస్తాను.

తీసిన కప్పు వెనక డిక్కీలోనే పెట్టాలి, కాబట్టి అక్కడ సామాను పట్టదు. ముందు డిక్కీలో విమానంలో తెచ్చుకునే చిన్న పెట్టె ఒకటి పడుతుంది. మిగతావి మెత్తటి బ్యాగుల్లో తెచ్చుకోండి. నాన్నగారి తువ్వాలు కూడా తెమ్మనండి. నాష్‌విల్‌లో దిగాక రాత్రి భోజనం మా ఇంట్లో, తేదీ తెలియగానే చెప్పండి.